రాళ్ళకుప్పలో డబ్బా

ఏడో తరగతి పరీక్ష రెండోసారి కూడా తప్పినప్పుడు మా అయ్యవారు మా నాయనను బడికి పిలిపించి, "వీనికి పలక మీద రాసేది రాదు. పలక చేసేదన్నా వస్తాదేమో చూడు" అన్నాడు. ఆయన చెప్పిన పాఠాల్లో నా బుర్రకెక్కింది అదొక్కటే. రాచర్ల పక్కన మా ఊళ్ళో రెండేళ్ళు మేకల వెంట తిరిగి, ఆ తర్వాత మార్కాపురం వచ్చి పలకల ఫ్యాక్టరీలో చేరాను. ఇప్పటికి ముప్ఫై ఏళ్ళు. రాయి కోస్తాను, నునుపు పడతాను, చుట్టూ చెక్క బిగిస్తాను. నా చేతి పలకల మీద అక్షరాలు దిద్దినవాళ్ళు ఎక్కడెక్కడో డాక్టర్లు, ఇంజనీర్లు అయ్యుంటారు. వాళ్ళలో ఎవరైనా నాలాగా ఏడు తప్పి ఉంటే, ఆ పలక కూడా బహుశా నేను చేసిందే.

చదువు రాలేదు గాని నోరు వచ్చింది. ఎదుటి మనిషిని ఆటపట్టించకుండా చుట్టరికం కలపడం నాకు చేతకాదు. ఫ్యాక్టరీ ఓనరును ఆటపట్టిస్తాను, బస్సు కండక్టరును ఆటపట్టిస్తాను. ఒకసారి పంటి డాక్టరు నా నోట్లో పట్టకారు పెట్టాక కూడా ఆయన బట్టతల మీద ఒక మాట వేశాను. ఆయన పడీ పడీ నవ్వి పక్క పన్ను పీకాడు.

అట్లాంటి నా నోరు ఒక్క మా అల్లుడి దగ్గరే పనిచేయలేదు.

అతనిది గుంటూరు వైపు. హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం. మనిషి బంగారం, మా అమ్మాయిని బాగా చూసుకుంటాడు. కానీ మాట లేదు. పెళ్ళిలో జీలకర్రా బెల్లం పెట్టేటప్పుడు నేను పక్కనుంచి, "గట్టిగా పట్టుకో అల్లుడూ, మా పిల్ల జారిపోయే రకం" అన్నాను. పందిరంతా నవ్వింది. అతను మాత్రం "అలాగేనండి" అని నిజంగానే గట్టిగా అదిమి పట్టాడు. మా అమ్మాయికి రెండు రోజులు మాడు నొప్పి. ఆ తర్వాత ఏడాదిలో మూడుసార్లు వచ్చి వెళ్ళాడు. నేను పొద్దున లేచింది మొదలు జోకులు వేస్తూనే ఉన్నాను. అతను "అవునండి", "కాదండి", "చాలండి" తప్ప నాలుగో మాట అనలేదు. ఆ "చాలండి" పప్పు గురించో నా గురించో ఇంతవరకు తేలలేదు.

నాకున్నది ఒక్కతే కూతురు. ఆమె మొగుడు నన్ను మనిషిగా చూస్తున్నాడా, వీధిలో కోతిని ఆడించేవాడిగా చూస్తున్నాడా అన్నది నన్ను లోపల తొలిచేది. ఎవరికీ చెప్పలేదు. చెప్తే నవ్వుతారు, నేను ఏం చెప్పినా నవ్వడం జనానికి అలవాటైపోయింది.

మొన్న డిసెంబరులో నాలుగోసారి వచ్చారు. ఆదివారం పొద్దున దోశలు తింటుండగా అల్లుడు ఫోను నా ముందుకు జరిపి, తనంతట తానుగా నోరు తెరిచాడు.

"మామయ్యగారూ, ఈ కొండ మీకు తెలుసా?"

మా ఆవిడ దోశ తిప్పడం మరిచి చూసింది. నేను ఫోనులోకి చూశాను. రాచర్ల అవతల కొండ. దాని నడుమ ఒక ఆకుపచ్చ చుక్క.

"తెలుసా అంటావేంది అల్లుడూ! మా మేకలు ఆ కొండ సగం తినేసినాయి. మిగిలింది నువ్వు ఫోన్లో చూస్తాండావు. అక్కడ నాకు తెలియని రాయి లేదు."

అప్పుడు చెప్పాడు, జియోకాషింగ్ అనే ఒక ఆట గురించి. లోకమంతా ఆడతారట. ఒకరెవరో ఒక చిన్న డబ్బా తీసుకెళ్ళి ఏ చెట్టు తొర్రలోనో, ఏ బండ సందులోనో దాచి, ఆ చోటు గుర్తులు ఫోనులో పెడతారు. మిగతావాళ్ళు ఆ గుర్తులు పట్టుకుని వెతుకుతారు. దొరికితే డబ్బాలో ఉన్న చిన్న పుస్తకంలో పేరు రాసి, మళ్ళీ అక్కడే పెట్టి రావాలి. డబ్బాలో చిల్లర బొమ్మలేవైనా ఉంటే ఒకటి తీసుకోవచ్చు, బదులు మనదొకటి పెట్టాలి. సైకిలు మీద దేశం తిరిగే బెంగళూరు మనిషి ఒకాయన రెండేళ్ళ కిందట మా కొండ మీద ఒకటి దాచి పోయాడట.

"ఇంతవరకూ ఎవరూ కనుక్కోలేదండి. మనం కనుక్కుంటే మనమే మొదటివాళ్ళం" అన్నాడు అల్లుడు. ఏడాదిలో అతని కళ్ళు అట్లా వెలగడం చూడలేదు.

దొరికిన వస్తువు ఇంటికి తెచ్చుకోకుండా మళ్ళీ అక్కడే పెట్టి వచ్చే ఆట మా వైపు ఎవరూ కనిపెట్టి ఉండరు. అయినా ఆ "మనం" అన్న మాట నాకు పాయసం తాగినట్టుంది. వెంటనే చెప్పులు వేసుకున్నాను. గడప దగ్గర మా అమ్మాయి చెయ్యి పట్టుకుని ఆపింది.

"నాయనా, ఆయనను ఏమీ అనబాక. ఒక్క పూట, ఒకే ఒక్క పూట ఎగతాళి లేకుండా మాట్లాడు."

"ఎగతాళి లేకుండా మాట్లాడితే నన్ను ఎట్ల గుర్తుపడతాడే?"

"చూసినావా, మళ్ళీ!"

అతని కారులోనే కంభం మీదుగా పోయాం. అమ్మాయికి మాట ఇచ్చాను గనక అల్లుడిని ఒక్క మాటా అనలేదు. బదులుగా దారి పొడుగునా తక్కిన ప్రపంచాన్నంతా అన్నాను. కంభం చెరువు చూపించి ఒక కథ, రైలు గేటు దగ్గర ఇంకో కథ. అతను స్టీరింగు పట్టుకుని "అవునండి" అన్నాడు. ఎన్నిసార్లు అన్నాడో ఆ కారుకే తెలియాలి.

కొండ కింద కంది చేల పక్కన కారు ఆపి దిగాం. ఫోనులో ఒక బాణం గుర్తు నేరుగా కంప చెట్ల మీదికి చూపిస్తోంది.

"దానికేం తెలుసు అల్లుడూ, అది ఇక్కడ మేకలు కాసిందా? ఇట్ల రా, దారుండాది" అని నేను పక్కకు నడిచాను.

ముప్ఫై ఏళ్ళ కిందట అక్కడ దారి ఉన్న మాట నిజం. ఇప్పుడు సర్కారు కంప గుబురుగా అల్లుకుపోయింది. ఆ కొండలో నాకు తెలియని రాయి లేదు గాని, ఆ రాళ్ళకు నేను గుర్తున్నానో లేదో ముందు కనుక్కోవలసింది. పది అడుగులు పోయేసరికి ముల్లు ప్యాంటును వెనక నుంచి పట్టుకుంది. ముందుకు పోతే ప్యాంటు రాదు, వెనక్కి పోతే కండ ఊడుతుంది. అల్లుడు సంచిలోంచి చిన్న కత్తెర తీసి, ముల్లుకొమ్మను మెల్లగా కత్తిరించి నన్ను విడిపించాడు. ఇంకెవరైనా అయితే ఆ భంగిమలో నన్ను చూసి నాలుగు తరాలకు సరిపడా మాటలు అనేవారు. ఇతను "జాగ్రత్తండి" అన్నాడు. నాకు ముల్లు కంటే అదే ఎక్కువ గుచ్చుకుంది.

మళ్ళీ వెనక్కి వచ్చి బాణం చెప్పినట్టే పోయాం. కంప చెట్ల అవతల మంచి కాలిబాట ఉంది. ఎక్కడం మొదలుపెట్టే చోట నేను అలవాటుగా వంగి, పిడికెడంత రాయి ఒకటి ఏరుకున్నాను.

దాని సంగతి చెప్పాలి. ఆ బాట కొండ నడుమ కనుమ దాకా పోయి అటువైపు దిగుతుంది. ఇటు మా ఊరు, అటు మా మేనత్తను ఇచ్చిన ఊరు. కనుమ మీద ఒక రాళ్ళకుప్ప ఉంది. మేము రాళ్ళదేవర అంటాం. గుడి లేదు, విగ్రహం లేదు, పూజారీ లేడు. కొండ దాటే మనిషి కింద నుంచి ఒక రాయి చేతిలో మోసుకుపోయి, మనసులో ఉన్నది చెప్పుకుని కుప్ప మీద పెట్టి పోవాలి. మేకలు కాసేటప్పుడు నేను రోజుకొకటి పెట్టేవాణ్ణి. అంతకుముందు బడికి పోయే రోజుల్లో ఏడు పాసు చేయించమని కూడా చాలా రాళ్ళే మోశాను. ఆ దేవతకు లెక్కలు రావేమో.

"రాయి ఎందుకండి?" అన్నాడు అల్లుడు.

కంప్యూటరు చదివిన కుర్రవాడు. రాయికి మొక్కుతామంటే ఏమనుకుంటాడో అని సిగ్గేసింది. "కుక్కలొస్తే ఉంటాదని" అన్నాను. నేను ఆ రోజు చేసిన తప్పు అదే. తక్కినవన్నీ దాని పిల్లలు.

కనుమ చేరేసరికి నాకు ఆయాసం, అతనికి ఉత్సాహం. ఫోను చూసుకుంటూ నాలుగడుగులు అటు, నాలుగడుగులు ఇటు తిరిగాడు. ఆ సందులో నేను గబుక్కున నా రాయి కుప్ప మీద పెట్టి, కళ్ళు మూసుకుని, "తల్లీ, ఈ అబ్బాయి నాతో రెండు మాటలు మాట్లాడేటట్టు చెయ్యి" అనుకున్నాను. కళ్ళు తెరిచి చూస్తే అల్లుడు కుప్ప పక్కన కూర్చుని రాళ్ళు తీస్తున్నాడు.

"ఇదేనండి! చూడండి, ఫొటో కూడా సరిపోయింది. కొండలెక్కేవాళ్ళు దారి గుర్తు కోసం ఇలా రాళ్ళు పేరుస్తారు. డబ్బా దీనిలోనే పెట్టాడు" అని ఫోను చూపించాడు. ఫొటోలో మా రాళ్ళదేవర మోకాలెత్తు ఉంది. ఎదురుగా నడుమెత్తు ఉంది. ఆ బెంగళూరు ఆయన ఇది దారి గుర్తు అనుకుని అమ్మవారి ఒడిలో డబ్బా పెట్టి పోయాడు. రెండేళ్ళుగా దాటినవాళ్ళందరూ దాని మీద రాళ్ళు వేస్తూ పోయారు. ఎవరికీ దొరక్కపోవడంలో వింతేముంది?

అల్లుడు నాతో పంచుకున్న మొదటి సంతోషం అది. "అది దేవత, చెయ్యి తియ్యి" అంటే ఆ ముఖం మళ్ళీ మూసుకుపోతుంది. అనకపోతే అమ్మవారి ఇల్లు పీకిన పాపంలో సగం నాకొస్తుంది. ఏం చేయాలో తోచక, అతను ఒక రాయి తీసి కింద పెడితే నేను దాన్ని తీసి మళ్ళీ పైన పెట్టాను. అతను ఇంకోటి తీశాడు. నేను అదీ పెట్టాను. అట్లా కాసేపు జరిగింది.

"మామయ్యగారూ, ఏం చేస్తున్నారండి?"

"నీకు సాయం చేస్తాండా అల్లుడూ."

అంతలో వెనకనుంచి అరుపు.

"ఎవుర్రా అది? మా దేవర మీదనే చెయ్యి పెడతాండారే?"

మేకల మంద, దాని వెనక ఒక అవ్వ. చేతిలో పొడుగాటి గడ, మెడలో తాడుకు వేలాడుతున్న చిన్న గుడ్డసంచి, అందులో సెల్‌ఫోను.

నేను తొందరపడి, "అవ్వా, మేము నిధి కోసం రాలేదు!" అన్నాను.

"నిధి అని నేను అన్నానా? నీ నోట్లో నుంచి ముందే ఎందుకొచ్చె?"

మా నల్లమల అంచు ఊళ్ళల్లో గుప్తనిధుల పిచ్చి ఒకటుంది. ఎక్కడెక్కడి నుంచో మనుషులొచ్చి పాత గుళ్ళు, రాతిగుట్టలు తవ్విపోతుంటారు. అందుకే కొత్తవాడు రాయి మీద చెయ్యి వేస్తే జనం ఊరుకోరు. అవ్వ గడతో అల్లుడి సంచిని పొడిచింది.

"పలుగు యాడ దాసినారు? తెరువు, సూద్దాం."

అల్లుడు తెరిచాడు. నీళ్ళ సీసా, కత్తెర, ఎండకు ముఖానికి పూసుకునే తెల్ల క్రీము. అవ్వ క్రీము మూత తీసి వాసన చూసి, రెండడుగులు వెనక్కి వేసింది.

"అంజనం!"

నిధి ఎక్కడుందో కనపడాలంటే కళ్ళకు అంజనం పూసుకోవాలని మా వైపు నమ్మకం. "అవ్వా, అంజనం నల్లగుంటాది గదా, ఇది తెల్లగుండాది" అన్నాను.

"అంటే నల్లది గూడా నీకు తెలుసన్న మాట!"

నేను నోరు తెరిచిన ప్రతిసారీ మా నేరం ఒక మెట్టు పైకెక్కుతోంది. అవ్వ సెల్‌ఫోను బయటికి తీసింది. "ఉండండి, ఊరోళ్ళకు సెప్తా. కట్టెలెత్తుకోని వస్తారు."

ఇక లాభం లేదని నా పుట్టుపూర్వోత్తరాలు బయటపెట్టాను. ఈ కొండ కింది ఊరే మాదని, మా నాయన ఎడమచేతి వాటం మనిషని, మా మేకల్లో ఒక ఒంటికొమ్ము పోతు ఉండేదని. అవ్వ కళ్ళు చిన్నవి చేసి నన్ను పైనుంచి కిందికి చూసింది.

"ఒంటికొమ్ము పోతు... ఏడో తరగతిలో రెండు మాట్లు బోర్లా పడినోడివి నువ్వేనా?"

పెళ్ళి సంబంధం మాట్లాడేటప్పుడు నా చదువు పదో తరగతి అని అల్లుడి వాళ్ళకు చెప్పి ఉన్నాను. మెల్లగా అతని వైపు చూశాను. అతను కొండ అవతల ఏదో ముఖ్యమైనది కనపడినట్టు అటు తిరిగి నిలబడ్డాడు. భుజాలు మాత్రం కదులుతున్నాయి. నా పరువు కనుమ దాటి మేనత్త ఊరి వైపు దొర్లిపోయిందనుకున్నాను.

కాసేపటికి అతనే ఇటు తిరిగి అవ్వ ముందు చేతులు కట్టుకున్నాడు.

"అమ్మమ్మా, ఎవరో ఒకాయన తెలియక దీనిలో ఒక చిన్న డబ్బా పెట్టి వెళ్ళాడు. అది వెతకడం ఒక ఆట. ఇది దేవత అని నాకు తెలియదు. తెలిస్తే చెయ్యి పెట్టేవాణ్ణి కాదు. మామయ్యగారు చెప్పలేదు."

అవ్వ నా వైపు తిరిగింది. "నీకు తెల్సు గదరా. ఎందుకు సెప్పలా?"

నేను వంగి, కుప్ప మీద పెట్టిన నా రాయినే మళ్ళీ సర్దాను.

"ఆ పిల్లోడు ఎంత మర్యాదగా మాట్లాడతాండాడు సూడు. నువ్వూ ఉన్నావు, నోరుంటే సరిపోయిందా?" అని అవ్వ ఒక రాయి మీద కూర్చుంది. "ఆయమ్మ కడుపులో డబ్బా ఉంటే నాకూ సూడాలని ఉండాది. తియ్యి నాయనా. అయితే ఒకటి, తీసిన రాయి నేల తగలగూడదు. ఒకరి మొక్కు అది. మనిషి చేతిలోనే ఉండాల. మళ్ళీ ఏ రాయి యాడుండెనో ఆడికే పోవాల."

అట్లాంటి నియమం ఒకటుందని నేను మేకలు కాసిన రెండేళ్ళలో వినలేదు. అవ్వ అప్పటికప్పుడు పుట్టించిందేమోనని నాకు ఇప్పటికీ అనుమానం. అడుగుదామనుకునే లోపే నా రెండు చేతులూ ముందుకు చాపమంది.

అల్లుడు కుప్ప పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఫొటోలో చూసిన ఎత్తు దగ్గర పక్కనుంచి ఒక్కో రాయి తీసి నా చేతుల మీద పేర్చడం మొదలుపెట్టాడు. అవ్వ కూర్చున్న చోటు నుంచే ప్రతి రాయికీ చరిత్ర చెప్తోంది. "అది నాదే, కంటి ఆపరేషనప్పుడు పెట్టినా. పైలంగా తియ్యి... ఆ గుండ్రాయి మా కోడలిది, నేను పోవాలని మొక్కుకోని ఉంటాది, దాన్ని ఎట్ల పెట్టినా ఫరవాలేదు."

నాకు నవ్వొచ్చింది. నవ్వితే రాళ్ళు కదిలాయి. "రేయ్, కదలబాక!" అని అవ్వ గద్దించింది. రాళ్ళు నా రొమ్ము దాకా వచ్చాయి. ఇంకొకటి పెట్టాక పై రాయి జారబోతే గడ్డంతో అదిమి పట్టాను. ఇక గడ్డం కదిపితే రాయి పడుతుంది. గడ్డం కదపకుండా మాట్లాడటం ఎవరి వల్లా కాదు. కొండ మీద ఒక్కసారిగా నిశ్శబ్దం. మేకలు ఆకు కొరికే చప్పుడు కూడా వినిపించింది.

ఆ నిశ్శబ్దంలో మా అల్లుడు మాట్లాడాడు.

నా వైపు వీపు పెట్టి, రాళ్ళు చూసుకుంటూ, తనలో తాను అనుకుంటున్నట్టు చెప్పుకుపోయాడు. వాళ్ళింట్లో అన్నం తినేటప్పుడు మాట్లాడరట. వాళ్ళ నాన్న టీవీ చూస్తాడు, వాళ్ళమ్మ గోడ చూస్తుంది. పెద్దవాళ్ళు మాట్లాడేటప్పుడు మధ్యలో నోరు తెరిస్తే వీపు మోగేదట.

"మా ఇంట్లో పెద్దవాళ్ళు ఎప్పుడో ఒకసారి ఆపేవారు, అప్పుడు మాట్లాడేవాణ్ణి. మీ ఇంట్లోనూ అలాగే చూస్తూ కూర్చున్నానండి. మీరు ఆపరు."

నేను గడ్డంతో రాయిని ఇంకా గట్టిగా అదిమాను.

"మీరు చెప్పినవన్నీ గుర్తుపెట్టుకుంటాను మామయ్యగారూ. కొన్ని మాటలు మీ వైపువి, అర్థం కావు. రాత్రి మీ అమ్మాయిని అడిగి తెలుసుకుని, తర్వాత నవ్వుకుంటాను. సోమవారం ఆఫీసులో చెప్తాను. నేను చెప్తే ఎవరూ నవ్వరు. ఆ పంటి డాక్టరు కథ మూడుసార్లు చెప్పి చూశాను. పన్ను నొప్పి తగ్గిందా అని అడిగారు."

ఇంకో రాయి తెచ్చి నా మోచేతి మడతలో ఇరికించాడు. సెలవు రోజుల్లో ఒక్కడే ఇట్లా డబ్బాలు వెతుకుతూ తిరుగుతాడట. పక్కన మనిషితో రావడం ఇదే మొదటిసారి అన్నాడు. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. రాళ్ళ బరువు వల్ల కావచ్చు. తుడుచుకుందామంటే చేతులు ఖాళీ లేవు. అవ్వ ఎందుకో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఊగిపోతోంది. నా అవస్థ చూసే అనుకున్నాను.

నా మోకాళ్ళు ఇక మడత పడతాయనగా, "దొరికిందండి!" అన్నాడు.

మూత గట్టిగా బిగించిన ప్లాస్టిక్ డబ్బా. లోపల ఒక చిన్న పుస్తకం, పెన్సిలు, పరదేశపు నాణెం ఒకటి, వేలెడంత ఆకుపచ్చ రబ్బరు రాక్షసబల్లి. అవ్వ తొంగి చూసి, "ఇంతేనా? దీనికేనా వీడు ఇన్ని రాళ్ళు మోసింది?" అంది. పుస్తకంలో ఒక్క పేరూ లేదు. అల్లుడు పెన్సిలు తీశాడు. ఎవరి కంటా పడని డబ్బాలో మొదటి పేరు; దాని కోసమే ఇంత దూరం వచ్చాడు.

"ముందు నాది" అంది అవ్వ. "కుప్ప మాది. మీరు సుట్టపు సూపుకొచ్చినోళ్ళు."

అల్లుడు పెన్సిలు చెవి మీద దోపుకున్నాడు. తర్వాత పుస్తకం అవ్వ ముందు పెట్టాడు. ఆమె నుదుటి కుంకుమ బొటనవేలికి అద్దుకుని మొదటి పేజీలో ఒత్తింది. తన గాజుకు తగిలించిన పిన్నీసు ఒకటి తీసి డబ్బాలో వేసి, రాక్షసబల్లిని తీసుకుంది. "పొట్టి మేక మెడకు కడతా, దిష్టికి" అంది. అల్లుడు తన పేరు రాసి, దాని పక్కనే నా పేరు కూడా రాశాడు. నాకు రాయడం వస్తుందనే చెప్దామనుకున్నాను. గడ్డం కింద రాయి ఉంది.

డబ్బా తీసుకుపోయి వేరే చోట పెట్టమంటుందనుకుంటే, అవ్వ ఒప్పుకోలేదు. "ఇన్నాళ్ళు ఆయమ్మ దాసిపెట్టింది. పిన్నీసు గూడా ఏస్తిని. ఇప్పుడు ఆయమ్మదే" అంది. డబ్బా మళ్ళీ లోపలికి పోయింది. రాళ్ళు ఒక్కొక్కటిగా ఏది ఎక్కడిదో అవ్వ చెప్తుంటే అల్లుడు సర్దాడు. చేతులు ఖాళీ అయ్యాక కూడా అవి చాపినట్టే ఉండిపోయాయి. చివరికి అవ్వ అల్లుణ్ణి కిందికి పంపి, అతని వంతు రాయి ఒకటి తెప్పించింది. పాపం, ఏ సైజుదో చెప్పలేదు. తిరగలి రాయంతది రొమ్ముకు హత్తుకుని, ఎర్రటి ముఖంతో వచ్చి కుప్ప మీద పెట్టాడు.

తిరుగుదారిలో అతనే మాట్లాడాడు, నేనే "అవును" అన్నాను. నడుమ ఎక్కడో "మామయ్యగారూ" కాస్తా "మామా" అయింది. నేను విననట్టే ఊరుకున్నాను; విన్నానని చెప్తే మళ్ళీ మొదటికి పోతాడని భయం.

ఇంటికొచ్చి అన్నాల దగ్గర కూర్చోగానే నాకు మళ్ళీ ఊపొచ్చింది. చేతులు పైకి లేవకపోతే మా ఆవిడ నోట్లో పెడుతోంది. ముద్దకూ ముద్దకూ నడుమ కథంతా చెప్పాను. అవ్వను కాస్త పొడుగు చేశాను, రాళ్ళను కాస్త పెద్దవి చేశాను. అల్లుడి కోసం కొండంత బరువు గుండెల మీద మోసి, డబ్బా దొరికేదాకా ఒక్క మాట అనకుండా ఎట్లా ఓర్చుకున్నానో చెప్పేటప్పుడు గొంతు కూడా వణికించాను. అమ్మాయి నమ్మలేదు. నేను అల్లుడి వైపు తిరిగాను.

"నువ్వే చెప్పు అల్లుడూ. దీంట్లో అబద్ధం ఏమన్నా ఉండాదా?"

అతను మజ్జిగ గ్లాసు కింద పెట్టి, మూతి తుడుచుకుని, మా అమ్మాయి వైపు చూశాడు. తర్వాత నా వైపు.

"అబద్ధం ఏమీ లేదు మామా. కాకపోతే, డబ్బా నాకు మూడో రాయి తీసినప్పుడే కనపడింది. మీరు అంత సేపు మాట్లాడకుండా ఉండటం మళ్ళీ ఎప్పుడు చూస్తానో అని, ఇంకో పది రాళ్ళు పెట్టాను."